లెక్కకు రాని రాత్రులు

తొంభై దాటిన ఒక వృద్ధురాలిని చూసుకోవడానికి బల్గేరియా నుంచి ఒక మహిళ బెర్లిన్ వచ్చింది. ఒప్పంద పత్రంలో వారానికి 30 గంటల పని అని ఉంది. చేతికొచ్చే జీతం నెలకు 950 యూరోలు. ఉండడం ఆ పెద్దావిడ ఇంట్లోనే. పొద్దున్నే లేపి స్నానం చేయించడం, బట్టలు తొడగడం, వంట చేయడం, తినిపించడం, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం పగటి పనులు. రాత్రి తన గది తలుపు మూసుకోవడానికి వీల్లేదు. బాత్రూముకు వెళ్లాలని పెద్దావిడ పిలిస్తే వినపడాలి కదా. ఇది 2015 నాటి మాట. తర్వాత ఆమె కోర్టుకు వెళ్లింది. పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్న సమయం కూడా పనేనని, దానికీ కనీస వేతనం కట్టివ్వాల్సిందేనని 2021 జూన్ 24న జర్మనీ ఫెడరల్ లేబర్ కోర్టు తేల్చింది. ఆ తీర్పు ప్రకారం లెక్కవేసి, ఏడు నెలల పనికి ఆమెకు 38 వేల యూరోలకు పైగా బకాయి రావాలని మరుసటి ఏడాది బెర్లిన్‌లోని ప్రాంతీయ లేబర్ కోర్టు చెప్పింది.

వారంలో ఉన్నవి 168 గంటలు. మనిషికి వారానికి నలభై గంటల పని అనుకుంటే, మంచం పట్టిన ఒక పెద్దమనిషి పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలంటే నలుగురికి పైగా కావాలి. ఇటలీలో, జర్మనీలో, ఇజ్రాయెల్‌లో, తైవాన్‌లో, గల్ఫ్ దేశాల్లో లక్షల ఇళ్లలో ఈ నలుగురి స్థానంలో ఉన్నది ఒక్క ఆడమనిషి, అదీ పరాయి దేశం నుంచి వచ్చినామె. ఇంట్లోనే ఉండి ముసలివాళ్లను చూసే వలస మహిళల గురించి పాతికేళ్లుగా ఎంతో చర్చ జరిగింది. వీసాల గురించి, జీతాల గురించి, వాళ్ల ఊళ్లలో తల్లి లేకుండా పెరిగే పిల్లల గురించి ఎందరో రాశారు. అవన్నీ ముఖ్యమే. కానీ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే నాకు కనిపించేది ఇది: ఈ ఏర్పాటు చవగ్గా ఉన్నది ఆమె రాత్రికి ఎవరూ డబ్బు ఇవ్వకపోవడం వల్ల. మిగతా అన్యాయాల్లో చాలావాటి పని ఆ రాత్రిని ఉచితంగా నిలబెట్టడమే.

ఇటలీ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, అక్కడ ఈ పద్ధతి పుట్టుక స్పష్టంగా కనబడుతుంది. సొంతంగా లేచి తిరగలేని మనిషికి నెలనెలా భత్యం ఇవ్వాలని ఆ దేశం 1980లో చట్టం చేసింది. ఇప్పుడది 500 యూరోలు దాటింది. ఆస్తిపాస్తులు అడగరు, డబ్బు దేనికి ఖర్చు పెట్టారో కూడా అడగరు. వృద్ధాశ్రమాలు తక్కువ, ప్రభుత్వం ఇంటికి పంపే సాయం వారానికి కొద్ది గంటలు. ఇళ్లలో పిల్లలు ఒకరో ఇద్దరో, కూతుళ్లు, కోడళ్లు ఉద్యోగాల్లో ఉన్నారు. ఇలాంటి పరిస్థితిలో, 1991లో, సోవియట్ యూనియన్ కూలిపోయింది. ఉక్రెయిన్, మాల్డోవా, రుమేనియాల్లో జీతాలు ఆగిపోయిన టీచర్లు, నర్సులు, అకౌంటెంట్లు టూరిస్టు వీసాలతో బస్సులెక్కారు. నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లు వాళ్లు. పెళ్లికెదిగిన పిల్లలు, చదువుల ఫీజులు, అప్పులు వెనక ఉన్నాయి. ఇటలీలో వాళ్లను బదాంతే అంటారు. భత్యానికి పెద్దాయన పింఛను కలిపితే ఒకామెను ఇంట్లో పెట్టుకోవడానికి సరిపోయేది, ఎనిమిది గంటల షిఫ్టుల్లో ముగ్గురిని పెట్టుకోవడానికి చాలేది కాదు.

చాలామంది కాగితాలు లేకుండానే పనిచేశారు. ప్రభుత్వం అప్పుడప్పుడూ తలుపు తెరిచి, ఉన్నవాళ్లకు కాగితాలిచ్చేది. 2002లో అలా తెరిచినప్పుడు సుమారు 7 లక్షల దరఖాస్తులు వచ్చాయి, వాటిలో దాదాపు సగం ఇంటిపని, సేవల వాళ్లవే. 2009లో ఇంటిపనివాళ్లకూ సేవచేసేవాళ్లకూ మాత్రమే అవకాశమిస్తే మూడు లక్షలకు కాస్త తక్కువగా వచ్చాయి. ముసలివాళ్లను కుటుంబం చూసుకునే పద్ధతి పోయి, కుటుంబంలోకి వచ్చిన వలస మనిషి చూసుకునే పద్ధతి దక్షిణ ఐరోపాలో స్థిరపడిందని ఫ్రాంచెస్కా బెత్తియో, అన్నమారియా సిమొనాత్సి, పావోలా విల్లా అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2006లో రాశారు. నేనైతే ఇంకో మాట కూడా చేరుస్తాను. ఎవరూ కూర్చుని పథకం వేయకపోయినా, ప్రభుత్వానికి ఇది తెలియకుండా జరగలేదు. చేతికి డబ్బిచ్చి, దేనికి ఖర్చు పెట్టారని అడగకుండా, కొన్నేళ్లకోసారి కాగితాలిచ్చే ప్రభుత్వం తన మీద పడాల్సిన భారం ఎవరు మోస్తున్నారో తెలిసే ఆ పని చేసింది.

ఇటలీలో ఇంటిపనివాళ్లకు జాతీయ స్థాయి వేతన ఒప్పందం ఉంది, అది గొప్ప విషయం. ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకు వారానికి 54 గంటలు, రోజుకు 10 గంటలు మించకూడదు. ఆదివారం పూర్తిగా సెలవు, వారం మధ్యలో ఇంకో పూట సెలవు. ఆ పూటల్లోనే రోమ్, నేపుల్స్ లాంటి నగరాల్లో పార్కులు ఈ ఆడవాళ్లతో నిండిపోతాయి. ఇంటికి పంపే పార్సిళ్లు వ్యాన్లలోకి ఎక్కుతాయి. కానీ 54 గంటలు పోగా వారంలో 114 గంటలు మిగులుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఆమె ఆ ఇంట్లోనే ఉంటుంది.

ఇంట్లో ఉండడం అంటే ఏమిటో సేవ చేసినవాళ్లకు తెలుసు. మంచంలో కదల్లేని మనిషికి పుండ్లు పడకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలని నర్సులు నేర్పుతారు. అది రాత్రికీ వర్తిస్తుంది. డిమెన్షియా ఉన్నవాళ్లకు చాలాసార్లు చీకటి పడే వేళకు గాబరా ఎక్కువవుతుంది. ఇది మా ఇల్లు కాదంటారు, ఎప్పుడో పోయిన అమ్మ కోసం వెతుకుతారు, అర్ధరాత్రి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లబోతారు. వెంట ఉన్నామె నిద్రపోయినా ఒక చెవి మేలుకునే ఉంటుంది. నడుము నొప్పికి మందు ఉంది, ఏళ్ల తరబడి తెగిన నిద్రకు మందు లేదు. పగలు చేసే పనినైనా చుట్టాలు వచ్చినప్పుడు చూస్తారు. రాత్రి చేసేది పెద్దమనిషికీ ఆమెకీ తప్ప ఇంకెవరికీ తెలియదు, పొద్దున్నకు పెద్దమనిషి కూడా మరిచిపోవచ్చు.

ఈ సమయం పనా కాదా అన్న ప్రశ్న మూడు దేశాల న్యాయస్థానాల ముందుకొచ్చింది. జర్మనీ ఏం చెప్పిందో పైన చూశాం. ఇజ్రాయెల్ హైకోర్టు 2009లో ఎదురు మాట చెప్పింది. ఇంట్లోనే ఉండే సేవకులకు పని గంటలు, విశ్రాంతి చట్టం వర్తించదని, అందువల్ల ఓవర్‌టైము రాదని మెజారిటీ తీర్పు. మరింత పెద్ద ధర్మాసనం మళ్లీ విని 2013లో అదే ఖాయం చేసింది. ఈ పని ఫ్యాక్టరీ గంటల చట్టంలో ఇమడదు, కావాలంటే శాసనసభ వేరే చట్టం చేసుకోవాలి అన్నది తీర్పు సారాంశం. న్యూయార్క్ రాష్ట్రంలో 24 గంటల డ్యూటీకి 13 గంటల జీతమే ఇస్తారు. మిగతా 11 గంటల్లో ఎనిమిది నిద్రకు, మూడు భోజనాలకు అని లెక్క. ఆ ఎనిమిదిలో కనీసం అయిదు గంటలు మధ్యలో లేవకుండా నిద్రపోయి ఉండాలన్న షరతు ఉంది. ఈ పద్ధతిని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2019 మార్చిలో సమర్థించింది. అక్కడ ఈ పని చేసేవాళ్లలో చాలామంది చైనా నుంచీ లాటిన్ అమెరికా నుంచీ వచ్చిన పెద్దవయసు ఆడవాళ్లు. ఇరవై నాలుగు గంటల డ్యూటీని రద్దు చేయాలని వాళ్లు ఏళ్లుగా పోరాడుతున్నారు, 2024లో సిటీ హాల్ ముందు నిరాహార దీక్షకు కూడా కూర్చున్నారు.

న్యూయార్క్ షరతు చూడ్డానికి న్యాయంగానే ఉంది: నిద్ర పట్టకపోతే జీతమిస్తాం అంటున్నారు. కానీ రాత్రి ఎన్నిసార్లు లేచిందో ఆమే రాసి చూపించాలి. మతిమరుపున్న పెద్దావిడ సాక్ష్యం చెప్పలేదు. ఏజెన్సీతో గొడవ పెట్టుకుంటే వచ్చే వారం డ్యూటీ ఉంటుందో లేదో తెలియదు. జర్మన్ కోర్టు తీర్పు ఈ మూడింటిలో సరైనదని నేను నమ్ముతాను. గది తలుపు మూసుకునే స్వేచ్ఛ లేని మనిషి సమయం ఆమెది కాదు. అయితే ఆ తీర్పు తర్వాత జర్మనీలో కుటుంబాలు నిజంగా భయపడ్డాయన్నదీ దాచకూడదు. చట్టప్రకారం లెక్క కడితే మామూలు సంసారాలకు ఈ సేవ అందదు. అక్కడి పనుల్లో చాలాభాగం పోలండు, రుమేనియా, బల్గేరియాల కంపెనీల ద్వారానో, అసలు లెక్కల్లోకి రాకుండానో నడుస్తోంది. తీర్పు వచ్చాక కూడా కోర్టు మెట్లెక్కినవాళ్లు బహు కొద్దిమంది.

జర్మనీ బయట ఎందుకు ఎక్కరు అంటే వీసా సంగతికి రావాలి. ఇజ్రాయెల్‌లో ఒకప్పుడు సేవకురాలి పర్మిట్ ఒకే యజమానికి కట్టి ఉండేది. పని మానేస్తే అప్పుడే అక్రమ వలసదారు. 2006 మార్చిలో అక్కడి హైకోర్టు దీన్ని ఆధునిక బానిసత్వంతో పోల్చి కొట్టేసింది. అయిదేళ్లు తిరిగేసరికి, 2011లో, సేవకులు ఎన్నిసార్లు, ఏ ప్రాంతంలో యజమానిని మార్చుకోవచ్చో ప్రభుత్వం నియంత్రించేలా చట్టం సవరించారు. గల్ఫ్‌లో కఫీల్ పద్ధతి, అంటే వీసా ఇప్పించిన యజమానికే మనిషిని కట్టేసే పద్ధతి, మన పాఠకులకు తెలిసిందే. తైవాన్‌లో ఇళ్లలో సేవ చేసే రెండు లక్షలకు పైగా వలస మహిళలు, ఎక్కువగా ఇండోనేషియావాళ్లు, కార్మిక ప్రమాణాల చట్టం పరిధిలోనే లేరు. 2016 వరకు వాళ్లు మూడేళ్లకోసారి దేశం విడిచి మళ్లీ రావలసి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఏజెంటుకు మళ్లీ డబ్బు.

కెనడా చేసింది వేరు. 1992లో మొదలైన పథకంలో, ఇంట్లో ఉండి రెండేళ్లు సేవచేసిన మనిషి శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు వేలాదిగా ఆ దారిన వెళ్లి, తర్వాత పిల్లల్నీ భర్తల్నీ తెచ్చుకున్నారు. కానీ ఆ రెండేళ్లూ యజమాని ఇంట్లోనే ఉండాలన్న నిబంధన వల్ల, ఏం జరిగినా నోరు మెదపకుండా గడువు పూర్తిచేయాలన్న ఒత్తిడి ఉండేది. చివరికి 2014లో ఇంట్లోనే ఉండాలన్న షరతు తీసేశారు. విడిగా గది అద్దెకు తీసుకుని ఉదయం పనికొచ్చి సాయంత్రం వెళ్లే మనిషికి రాత్రి తనదవుతుంది. ఈ సుదీర్ఘ వ్యవహారంలో నన్ను బాగా ఆకట్టుకున్న మార్పు ఇదే.

ఆస్ట్రియా 2007లో ఈ పనిని చట్టబద్ధం చేసింది, కాకపోతే వీళ్లను సొంత వ్యాపారం చేసుకునేవాళ్లుగా లెక్కకట్టింది. ఉద్యోగి కాని మనిషికి పని గంటల పరిమితీ లేదు, కనీస వేతనమూ లేదు. స్లొవేకియా, రుమేనియాల నుంచి సుమారు అరవై వేల మంది ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని రెండు, నాలుగు వారాలకోసారి మారుతుంటారు. 2020లో కరోనాకు సరిహద్దులు మూస్తే ఈ వంతు తెగిపోయింది. ఆస్ట్రియా ప్రత్యేక విమానాలు వేసి, తిమిషొవారా నుంచి వియన్నాకు ప్రత్యేక రైలు నడిపి మరీ వాళ్లను రప్పించుకుంది. అంతకు ఏడాది ముందే, 2019లో, అదే దేశం వీళ్ల పిల్లలకిచ్చే భత్యాన్ని వాళ్లుండే దేశపు ధరలకు తగ్గట్టు కోసేసింది. ఈ కోత చెల్లదని 2022 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం చెప్పేదాకా, వియన్నాలో ఒకరి తల్లిని చూసుకుంటున్న మనిషి సొంత పిల్లలకు తక్కువ భత్యం వచ్చింది.

పిల్లల విషయం మీద ఎంతో పరిశోధన జరిగింది. ధనిక దేశపు స్త్రీ పని పేద దేశపు స్త్రీకి, ఆమె పిల్లల పని ఊళ్లో ఇంకో స్త్రీకి చేరే వరసకు సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో 'ప్రపంచ సేవా గొలుసులు' అని పేరు పెట్టారు. రోమ్‌లో, లాస్ ఏంజలస్‌లో ఫిలిప్పీన్ మహిళలతో మాట్లాడి మరో సమాజశాస్త్రవేత్త రాసేల్ పరేన్యాస్ 2001లో రాసిన పుస్తకం ఈ రంగంలో పునాది లాంటిది. రుమేనియా, ఉక్రెయిన్ వైద్యులు ఇటలీ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లలో నిద్రలేమి, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు చూశారు. 2005లో ఇద్దరు ఉక్రెయిన్ సైకియాట్రిస్టులు దానికి 'ఇటలీ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆ బాధ నిజమే. కానీ ఆ పేరు నాకు నచ్చలేదు. ఏళ్లపాటు రాత్రుళ్లు నిద్ర లేకుండా, మాట్లాడేందుకు తోడు లేకుండా, డిమెన్షియా రోగితో ఒక ఫ్లాట్లో ఉన్న మనిషికి వచ్చిన జబ్బు వృత్తి వల్ల వచ్చిన జబ్బు. గనిలో పనిచేసినవాడి ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం ఉన్నట్టే దీనికీ ఉండాలి. బదులుగా చాలా చోట్ల పత్రికలు, రాజకీయులు, కొన్నిసార్లు మతగురువులు కూడా పిల్లల్ని వదిలి వెళ్లిన తల్లిని తప్పుపట్టారు. తల్లి వెళ్లాక తండ్రి ఆ పనులు అందుకోడని, అవి అమ్మమ్మ మీదో, పెద్దకూతురి మీదో, పిన్ని మీదో పడతాయని పరేన్యాస్ తర్వాతి పుస్తకంలో చూపించారు.

అమ్మమ్మ మీద పడడం గోదావరి జిల్లాల్లో ఎవరికీ కొత్త సంగతి కాదు. నరసాపురం, పాలకొల్లు, కోనసీమ వైపు నుంచీ, ఉమ్మడి కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచీ ఆడవాళ్లు కువైట్‌కు ఖద్దామాలుగా, అంటే ఇంటి పనివాళ్లుగా, వెళ్లడం ఒక తరానికి పైగా సాగుతోంది. అక్కడ ఇంటామెను మామా అనీ, ఇంటాయన్ను బాబా అనీ పిలుస్తారు. వంట, బట్టలు, పిల్లలతో పాటు ఇంట్లో మంచాన ఉన్న ముసలామె బాధ్యత కూడా ఒక్కొక్కప్పుడు వాళ్లదే. దానికి వేరే పేరూ లేదు, వేరే జీతమూ లేదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్లకు చట్టం తెచ్చింది: రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికో సెలవు, ఏటా జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా పెట్టింది. పన్నెండు గంటలంటే ఎంతో చెప్పిన చట్టం, రాత్రి ముసలామె పిలిస్తే ఏ లెక్కో చెప్పలేదు. మన ప్రభుత్వం ఈసీఆర్ (వలసకు ముందస్తు అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టున్న మహిళకు ముప్పై ఏళ్లు నిండనిదే ఇంటిపనికి అనుమతివ్వదు. ఉద్దేశం మంచిదే. కానీ అవసరం ముప్పై దాకా ఆగనప్పుడు ఏజెంటు విజిట్ వీసా చూపిస్తాడు. అలా వెళ్లినామెకు ఆ కువైట్ చట్టంలోని ఒక్క హక్కూ అడిగే దారి ఉండదు.

2023 నాటికి ఇజ్రాయెల్‌లో ఉన్న పద్దెనిమిది వేల మంది భారతీయుల్లో సుమారు పధ్నాలుగు వేల మంది ఈ సేవ చేసేవాళ్లేనని మన రాయబార కార్యాలయం చెప్పేది. మలయాళీలు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. కువైట్ కంటే జీతం చాలా ఎక్కువ, అందుకే ఆ వీసా కోసం లక్షలు పోసేవాళ్లున్నారు. ఆ అప్పు తీరేదాకా యజమానిని ఎదిరించలేరు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో గాజా సరిహద్దు గ్రామాల్లో సేవచేసే ఫిలిప్పీన్ మహిళ ఒకరు, పారిపోయే వీలున్నా తను చూసుకుంటున్న వృద్ధురాలిని వదలక ఆమెతోనే ప్రాణం విడిచారు. కేరళకు చెందిన ఇద్దరు మహిళలు రక్షణ గది తలుపు గట్టిగా పట్టుకుని గంటల తరబడి నిలబడి, ఒక వృద్ధ దంపతుల్ని కాపాడారు. ప్రేమకు జీతం అడ్డు కాదు. ఏళ్ల తరబడి ఒకరి నోట్లో ముద్ద పెట్టిన చెయ్యి ఆ మనిషిని తనవాళ్లలో కలుపుకుంటుంది. ఈ ప్రేమను చూపించి ఇది ఉద్యోగం కాదు, కుటుంబ బంధం అనేవాళ్లున్నారు, వాళ్ల మాట నేను ఒప్పుకోను. కుటుంబంలో ఒకరు పోతే మిగతావాళ్లు ఆ ఇంట్లోనే దుఃఖిస్తారు. పెద్దావిడ పోయిన రోజున ఈమెకు ఉద్యోగం పోతుంది, పడుకునే మంచం పోతుంది, చాలా దేశాల్లో వీసాకు కొత్త గడియారం మొదలవుతుంది. ఏడవడానికి వ్యవధి ఉండదు.

హైదరాబాద్, విజయవాడల్లోనూ ఇదే పని ఇంకో వైపు నుంచి కనబడుతుంది. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటే, ఇక్కడి తల్లిదండ్రుల దగ్గర ఏజెన్సీ పంపిన ఇరవై నాలుగు గంటల ఆయా ఉంటుంది. ఆమెదీ ఎక్కడో దూరపు ఊరు. పిల్లలు ఏజెన్సీకి కట్టే డబ్బులో ఆమెకు ఎంత చేరుతోందో చాలామందికి తెలియదు. రాత్రి హాల్లో చాప మీద పడుకునే ఆమె ఎన్నిసార్లు లేచిందో వీడియో కాల్‌లో ఎవరూ అడగరు. ఇంటిపనివాళ్లకు ప్రత్యేక చట్టం విషయం పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందానికి భారత్ ఓటు వేసింది, ఇంతవరకు ఆమోదించలేదు. యజమాని పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండాల్సిన సమయాన్ని కూడా పని గంటలుగా లెక్కకట్టాలని, ఎంతమేరకన్నది దేశచట్టాలు తేల్చాలని ఆ ఒప్పందంలో ఒక అధికరణం ఉంది.

డబ్బు ఎక్కడ నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఇటలీ ఇప్పుడొక చిన్న ప్రయోగం చేస్తోంది. 80 ఏళ్లు నిండి, తీవ్రంగా అశక్తులై, బాగా పేదరికంలో ఉన్నవాళ్లకు పాత భత్యంతో పాటు 2025 జనవరి నుంచి నెలకు 850 యూరోల అదనపు సాయం మొదలుపెట్టింది. దీన్ని చట్టప్రకారం నమోదైన పనిమనిషి జీతానికో, గుర్తింపు పొందిన సేవలకో మాత్రమే వాడాలి. షరతులు ఎంత బిగువంటే అర్హులు అతి కొద్దిమంది. అయినా నలభై అయిదేళ్ల తర్వాత ఆ డబ్బు వెంట ఒక ఒప్పంద పత్రం చూపించమని ప్రభుత్వం అడగడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

పంపే దేశాలకూ బలం ఉంది. ఇంటిపనికి వెళ్లే తమ మహిళలకు కనీసం 400 డాలర్లు ఇవ్వాలని, వాళ్ల దగ్గర ప్లేస్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని ఫిలిప్పీన్స్ 2006లో పట్టుబట్టింది. మొదట్లో పంపే సంఖ్య తగ్గింది, తర్వాత మళ్లీ పెరిగింది. 2023లో భారత్, ఇజ్రాయెల్ చేసుకున్న ఒప్పందంలో 42 వేల మందిని పంపాలన్నది లక్ష్యం. ఎక్కువమంది భవన నిర్మాణానికైతే, ఎనిమిది వేల మంది ఇళ్లలో సేవకు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఈ కొలువులకు అభ్యర్థుల్ని పిలుస్తోంది. ప్రభుత్వమే మధ్యలో ఉండడంతో ఏజెంటు అప్పు తప్పుతుంది, అది చిన్న మేలు కాదు. ఇప్పుడు పత్రంలో ఇంకో పంక్తి రాయించుకోవాలి: రాత్రి పెద్దమనిషికి లేవాల్సి వస్తే అది పని, మరుసటి రోజు అంతే సమయం విశ్రాంతి లేదా జీతం, రాత్రంతా మెలకువ అవసరమైన రోగికి రెండో మనిషి.